కేర్ హోమ్‌కు గుడ్లగూబనో డేగనో తీసుకెళ్లే ముందు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. గాయపడిన వేటపక్షులను చూసుకునే కేంద్రంలో మీరు వాలంటీరు. తిరిగి అడవిలో వదలడానికి వీల్లేని పక్షులు మీ దగ్గర కొన్ని ఉన్నాయి. దగ్గర్లోని కేర్ హోమ్ వాళ్లు ఒకటి రెండు పక్షులను తెచ్చి చూపించమని అడిగారు. అక్కడ చక్రాల కుర్చీల్లో ఉండేవాళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లు, మంచం దిగలేనివాళ్లు ఉన్నారు. ఏ పక్షిని తీసుకెళ్లాలి, ముట్టుకోనివ్వొచ్చా, ఎవరికైనా ప్రమాదం ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి చోట్లకు పక్షులను తీసుకెళ్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

వెళ్లండి. కానీ పక్షిని ఎవరూ ముట్టుకోకుండా, చూస్తూ మాట్లాడుకునే కార్యక్రమంగా నడపండి. మిమ్మల్ని పిలిచినవాళ్ల మనసులో బహుశా థెరపీ కుక్క, అంటే రోగులకు ఊరట కోసం తెచ్చే కుక్క, ఉండి ఉంటుంది. కుక్క ఒళ్లో తల పెడుతుంది, నిమిరితే తోక ఊపుతుంది. వేటపక్షికి నిమరడం నచ్చదు. నిమిరించుకునే పక్షి కనిపిస్తే అది చాలాసార్లు ఓర్చుకుంటోందనే అర్థం. పైగా చేతి జిడ్డు, తడి ఈకలకు మంచివి కావు. మనుషులకూ జంతువులకూ ఉండే సంబంధాలపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐఏహెచ్ఏఐఓ తన శ్వేతపత్రంలో, చికిత్సలో పెంపుడు జాతులనే వాడాలనీ, మచ్చికైనవైనా సరే అడవి జాతులను అందుకు వాడకూడదనీ చెప్పింది. ఆసుపత్రుల్లో అంటువ్యాధుల నివారణ చూసే అమెరికా నిపుణుల సంఘం షియా కూడా 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి జంతు సందర్శనలను కుక్కలకే పరిమితం చేయమంది. అది ప్రధానంగా ఆసుపత్రుల కోసం రాసింది. ఏళ్ల తరబడి ఉండే కేర్ హోమ్ వేరు, అది వాళ్ల ఇల్లు. అయినా అక్కడి నర్సింగ్ ఇన్‌ఛార్జి ఈ ప్రశ్న ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ‘ఇది థెరపీ కాదు, పక్షుల గురించి చెప్పే కార్యక్రమం’ అని మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. దానివల్ల ఆశలూ అదుపులో ఉంటాయి, నియమాలు పెట్టడమూ తేలికవుతుంది.

ఇక పక్షి సంగతి. వదలడానికి వీల్లేని పక్షులన్నీ జనం ముందుకు పనికొస్తాయనుకోకండి. ఒక రెక్క తీసేసిన పక్షి చేతి మీద నుంచి దూకితే తిరిగి ఎక్కలేదు, తూలిపోతుంది. గదినిండా కొత్త మనుషులుంటే దాని టెన్షన్ రెట్టింపవుతుంది. ఒక కన్ను పోయినదాన్ని తీసుకెళ్లొచ్చు, కానీ గుడ్డి వైపు మీ ఒంటికేసి, చూపున్న వైపు జనంకేసి ఉండాలి. షిక్రా, గోషాక్ లాంటి డేగలు పుట్టుకతోనే బెదురు రకం, వాటిని అసలు ఆలోచించొద్దు. మనుషుల చేతుల్లో పెరిగి మనుషులనే తమ జాతి అనుకునే పెద్ద గుడ్లగూబలు జత కట్టే కాలంలో ఒక్కసారిగా మీద పడతాయి. ఆ నెలల్లో వాటికి సెలవివ్వండి. టర్కీ రాబందు చూడముచ్చటగా ఉంటుందని మా వాళ్లలో కొందరి వాదన. అది భయపడితే తిన్నదంతా కక్కేస్తుంది, ఆ వాసన తలుపులు తీసినా పోదు. మీ ఇష్టం!

నన్నడిగితే మొదటిసారికి బార్న్ ఔల్ అనే గుడ్లగూబ. తెల్లటి ముఖం, గుండె ఆకారం, చూపు తగ్గినవాళ్లకూ కాస్త దూరం నుంచి ఆనవాలు తెలుస్తుంది. జాతిని బట్టి సుమారు మూడో వంతు కిలో నుంచి అర కిలో బరువు, అంతే. చిన్నప్పటి నుంచి జనానికి అలవాటైన హ్యారిస్ హాక్ అనే డేగ ఉంటే అదీ బాగుంటుంది. అడవిలోనే గుంపుగా కలిసి వేటాడే జాతి కాబట్టి పక్కన నలుగురుంటే మిగతా డేగలంత కంగారు పడదు. కెస్ట్రెల్ అనే చిన్న వేటపక్షి ముద్దుగా ఉంటుంది గానీ ఆరడుగుల దూరంలో కూర్చున్న ఎనభై ఏళ్ల మనిషికి అది సరిగా కనిపించదు. యూరేషియన్ ఈగల్ ఔల్ లాంటి భారీ గుడ్లగూబను చూస్తే అందరూ నోరు తెరుస్తారు. మూడు కిలోలు దాటే ఆడపక్షిని చేతి మీద పెట్టుకుని అరగంట నవ్వుతూ మాట్లాడటం మాత్రం మీ భుజానికి పరీక్షే. రెండు పక్షులను తీసుకెళ్తే ఒకదాన్ని పెట్టెలో పెట్టాకే రెండోదాన్ని తీయండి. ఒకదానికొకటి కనిపించకూడదు.

ఏ పక్షినైనా ముందు మీ దగ్గరే చక్రాల కుర్చీకి అలవాటు చేయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పక్షికి చక్రాల కుర్చీ అంటే మనిషి తల మామూలు కంటే తక్కువ ఎత్తులో ఉండి, చప్పుడు లేకుండా, అడుగులు వేయకుండా దగ్గరకొచ్చే వింత ఆకారం. వాకర్, చేతికర్ర, మెరిసే స్టీలు స్టాండు, బెలూన్లు కూడా అంతే. పైకెత్తి చూపించే కర్రంటే మరీ భయం. ‘అదిగో చూడు’ అని కర్రతో చూపించేవాళ్లు ప్రతి హాల్లోనూ ఒకరుంటారు. కుర్చీ ఒకటి అరువు తెచ్చుకుని, మీవాళ్లలో ఒకర్ని అందులో కూర్చోబెట్టి, దూరం నుంచి మొదలుపెట్టి రోజూ కాస్త కాస్త దగ్గరగా తిప్పండి. పక్షి ఒక కాలు ముడిచి, ఈకలు వదులుగా పెట్టుకుని, ఒళ్లంతా ఓసారి దులుపుకుంటే అలవాటు పడినట్టు. నోరు తెరిచి రొప్పుతున్నా, ఈకలు ఒంటికి అతుక్కునేలా బిగించినా ఇంకా కాలేదని. గుడ్లగూబ విషయంలో ఒక మోసం ఉంది. అది భయపడితే కళ్లు చీలికల్లా మూసి, నిలువునా సన్నగా సాగి, కొయ్యలా నిలబడుతుంది. చూసేవాళ్లు ‘ఎంత బుద్ధిగా ఉందో, నిద్రపోతోంది పాపం’ అంటారు. అలా కనిపించిన మరుక్షణం దాన్ని పెట్టెలో పెట్టేయండి.

కార్యక్రమానికి ముందు ఒకరోజు పక్షి లేకుండా ఒంటరిగా వెళ్లి గది చూసి రండి. సీలింగ్ ఫ్యాన్ ఆపే స్విచ్ ఎక్కడుందో చూసుకోండి, అది ఆపకుండా పెట్టె తలుపు తీయొద్దు. అద్దాల కిటికీలకు తెరలు ఉన్నాయా? వెలుతురు కనిపిస్తే పక్షి అటే దూకుతుంది. చేతి మీద నుంచి రెక్కలు కొట్టుకుంటూ దూకి కాళ్ల పట్టీకి వేలాడటాన్ని మేం బేటింగ్ అంటాం. కిటికీకి ఎదురుగా నిలబడితే కార్యక్రమమంతా అదే జరుగుతుంది. పైగా మీ వెనక కిటికీ ఉంటే వెలుగంతా చూసేవాళ్ల కళ్లలో పడి పక్షి నల్లటి నీడలా కనిపిస్తుంది. అందుకని వెలుతురు పక్షి ముఖం మీద పడాలి, వెనక గోడ ఉండాలి. తెల్ల గుడ్లగూబకు వెనక ముదురు రంగు, ముదురు డేగకు లేత రంగు. వీలుకాకపోతే ఒక దుప్పటి కట్టుకోండి.

గోడ వెనకే ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. డేగలు తోకెత్తి రెట్టను వెనక్కి బాణంలా చిమ్ముతాయి, కొన్ని అడుగుల దూరం పోతుంది. ఫాల్కన్లు, గుడ్లగూబలు దాదాపు కిందికే వదులుతాయి. కాకపోతే గుడ్లగూబ రోజులో ఒకటి రెండుసార్లు గోధుమ రంగులో జిగటగా, భరించలేని వాసనతో వేసే రెట్ట ఒకటుంటుంది. అది కచ్చితంగా మీ కార్యక్రమంలోనే వేస్తుందని నా అనుభవం. కింద పెద్ద ప్లాస్టిక్ షీట్ పరవండి, దాని అంచులు టేపుతో నేలకు అంటించండి. లేకపోతే వాకర్‌తో నడిచేవాళ్లు తట్టుకుని పడతారు. తుడవడానికి కావలసినవి మీరే తీసుకెళ్లండి, అక్కడి సిబ్బంది మీద వేయకండి.

చాలామంది అడగడం మర్చిపోయేది ఒకటుంది. ఆ హోమ్‌లో పంజరం పక్షులున్నాయా? హాలు మూలలో బడ్జీలో ఫించ్‌లో పెంచడం కేర్ హోమ్‌లలో మామూలే. మీ డేగకు అది భోజనంలా కనిపిస్తుంది, ఆ చిన్న పక్షులు ప్రాణభయంతో పంజరానికి కొట్టుకుంటాయి. వాటిని చూసుకునే పెద్దావిడ మిమ్మల్ని ఎప్పటికీ క్షమించదు. పంజరాన్ని వేరే గదికి మార్పించండి, లేదా మీరే వేరే గది అడగండి. పిల్లి, కుక్క ఉంటే వాటినీ పక్కకు పంపాలి. లోపలికి వెళ్లేటప్పుడు, లిఫ్టులో, నడవాల్లో పక్షి పెట్టెలోనే ఉండాలి. భోజనాల గదిలో కార్యక్రమం వద్దు.

అంటువ్యాధుల గురించి మీరు భయపడుతున్నంత లేదు, హోమ్ వాళ్లు కొట్టిపారేసేంత తేలికా కాదు. ఆరోగ్యంగా కనిపించే పక్షి రెట్టలోనూ సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. వాటికి మేతగా వేసే కోడిపిల్లలు, ఎలుకల ద్వారానూ రావొచ్చు. 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు అలాంటి వాటికి తేలికగా లొంగిపోతారు, అక్కడ ఉండేదేమో అందరూ వాళ్లే. అందుకే ముట్టుకోవద్దన్నాను. ఇంకో కారణం గోళ్లు. వయసు మీద పడ్డ చర్మం కాగితంలా చిరుగుతుంది, చాలామంది రక్తం పలచబడే మందుల మీద ఉంటారు. మామూలు మనిషికి చిన్న గీత అనిపించేది వాళ్లకు కుట్ల దాకా పోతుంది. ‘గ్లవ్ తొడిగి ఒక్క నిమిషం చేతి మీద పెట్టించండి, ఫొటో తీసుకుంటాం’ అని కుటుంబ సభ్యులు బతిమాలతారు. వద్దని నవ్వుతూ చెప్పండి, కానీ చెప్పండి. కొన్ని చోట్ల అలా చేస్తారని నాకు తెలుసు. నేను ఒప్పుకోను.

చేతికివ్వడానికి వేరేవి ఉన్నాయి. శుభ్రం చేసిన పుర్రె, గోళ్ల నమూనా, పారదర్శక డబ్బాలో ఒక రెక్క. గుడ్లగూబ జీర్ణం కాని ఎముకలు, బొచ్చు కలిపి ఉండలా కక్కేస్తుంది కదా, అది అందరికీ ఆసక్తే. కానీ వేడితో శుద్ధి చేయనిది చేతికివ్వకండి. 2001లో అమెరికాలోని మిన్నెసోటాలో అలాంటి ఉండలను విప్పి చూసిన బడిపిల్లల్లో సాల్మొనెల్లా వ్యాపించింది. అన్నిటికంటే బాగా పనిచేసేది ఇసుక సంచి. మీ పక్షి ఎంత బరువుందో అంతే ఇసుక నింపిన గుడ్డ సంచి కుట్టించండి. ముందు పక్షిని చూపించి ‘ఎంత బరువుంటుంది?’ అని అందరినీ అడగండి. రెండు కిలోలంటారు, నాలుగంటారు. తర్వాత సంచి చేతుల్లో పెట్టండి. చూపు లేనివాళ్లు, మాట పడిపోయినవాళ్లు కూడా అందులో పాలుపంచుకుంటారు. ఈకలు పంచిపెట్టే ముందు మీ దేశపు చట్టం చూసుకోండి. అమెరికాలో వలస పక్షుల చట్టం కింద రాలిన ఈకను ఇవ్వడం కూడా కుదరదు. కార్యక్రమం అయ్యాక అందరి చేతులూ సబ్బుతో కడిగించాలి, కుర్చీ దగ్గరికే తడి తుడుపులు తీసుకెళ్లాల్సినవాళ్లు ఉంటారు.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. భారతదేశంలో అయితే వేటపక్షులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, అటవీ శాఖ లిఖిత అనుమతి లేకుండా పక్షిని ఉంచుకోవడమే నేరం. అమెరికాలో పునరావాస అనుమతి ఒకటి, జనానికి చూపించే అనుమతి మరొకటి. బ్రిటన్‌లో చాలామంది బందీగా పుట్టిన పక్షులనే చూపిస్తారు, వాటికీ పత్రాలుండాలి. మీ కేంద్రానికి ఏ అనుమతి ఉందో కాగితం మీద చూడండి, నోటిమాట నమ్మొద్దు. బీమా పత్రం కూడా. బర్డ్ ఫ్లూ ఆంక్షలు ఉన్న ప్రాంతంలో, ఉన్న రోజుల్లో కార్యక్రమం రద్దు. చర్చే వద్దు. 2021 చివరి నుంచి హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ అడవి పక్షుల్లో విస్తారంగా పాకింది, జబ్బుపడ్డ పక్షులను తినే వేటపక్షులు దానికి తేలికగా బలయ్యాయి.

ఇప్పుడు మనుషుల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది.

డిమెన్షియా ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. లూయీ బాడీ అనే రకం డిమెన్షియాలో లేని మనుషులు, జంతువులు కళ్లకు స్పష్టంగా కనిపించడం ముఖ్య లక్షణాల్లో ఒకటి. అలాంటివాళ్ల ముందుకు నిజంగానే గుడ్లగూబను తెస్తే ఏది నిజమో తేల్చుకోలేక అల్లాడిపోవచ్చు. చూపు బాగా తగ్గినవాళ్లలో మతి చక్కగా ఉన్నా ఇలాంటి దృశ్యాలు కనిపించే ఛార్లెస్ బోనే సిండ్రోమ్ ఒకటుంది. ఎవరెవరిని పిలవాలో నర్సింగ్ సిబ్బందే నిర్ణయించాలి, మీరు కాదు. ఇంకో సంగతి కూడా వాళ్లకు చెప్పండి. ఆ రాత్రి ఒక పెద్దాయన ‘నా గది దగ్గరికి డేగ వచ్చింది’ అంటే, రాత్రి డ్యూటీ వాళ్లు దాన్ని భ్రమగా రాసుకునే ప్రమాదం ఉంది. ఫలానా రోజు ఫలానా పక్షిని ఎవరెవరు చూశారో డ్యూటీ మార్పు నోట్‌లో రాయించండి, పక్షి ఫొటో ఒకటి నోటీసు బోర్డు మీద పెట్టించండి. కుటుంబాలకూ కబురు పంపమనండి. లేకపోతే ఫోన్‌లో ఆ మాట విన్న కూతురు కంగారుపడుతుంది.

గుడ్లగూబను చావుకు సూచనగా చూసే సమాజాలు లోకంలో చాలా ఉన్నాయి. చావు ఎప్పుడూ పక్క గదిలో ఉండే చోటుకు మీరు వెళ్తున్నారు. ఏ పక్షి వస్తోందో ముందే చెప్పి, రావడం ఇష్టం లేనివాళ్లను బలవంతం చేయకుండా వదిలేయమనండి. అందుకే కార్యక్రమం తలుపున్న గదిలో పెట్టాలి. దారిలో ఉన్న హాల్లో పెడితే తప్పించుకునే వీలుండదు.

ఒక్కసారికి పది పన్నెండు మంది చాలు. అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, మొదటి వరసకూ పక్షికీ మధ్య రెండు మీటర్లైనా ఉంచండి. మీరు నిలబడితే పక్షి వాళ్ల తలల పైన ఉంటుంది, మెడ ఎత్తలేనివాళ్లు మీ బెల్టు చూస్తూ కూర్చుంటారు. స్టూలు మీద కూర్చోండి, పక్షి వాళ్ల కళ్ల ఎత్తుకు వస్తుంది. తర్వాత ఒక్కొక్కరి ముందుకూ నెమ్మదిగా, కాస్త పక్కగా జరగండి. కంటి మధ్య భాగం దెబ్బతిన్నవాళ్లు పక్క చూపుతోనే చూడగలరు, వాళ్లు ముఖం తిప్పుకున్నారంటే బహుశా చూస్తున్నారనే. వినికిడి యంత్రాల కీచు శబ్దానికి పక్షి ఉలిక్కిపడొచ్చు, ఆక్సిజన్ యంత్రం బుసకు కూడా. అవి ఉన్నవాళ్లను చివర్లలో కూర్చోబెట్టమనండి. ఇరవై ముప్పై నిమిషాలకు మించి పక్షిని బయట ఉంచకండి, ఎంత బతిమాలినా.

ఏం చెప్పాలి? సమాచారం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. గుడ్లగూబ కళ్లు గూళ్లలో కదలవు, అందుకే తలను 270 డిగ్రీల దాకా తిప్పుతుంది, మనకు మెడలో ఏడు పూసలుంటే దానికి 14 అని చెప్పి, అప్పుడే అది తల తిప్పితే చాలు, మీ పని అయిపోయినట్టే. రెక్క అంచున దువ్వెన పళ్లలాంటి ఈకల వల్ల చప్పుడు కాకుండా ఎగురుతుందని రెక్క చూపించి చెప్పండి. అంతకుమించి ఉపన్యాసం వద్దు. ‘మీ కోడిపిల్లలను గద్ద ఎప్పుడైనా తన్నుకుపోయిందా?’ అని అడిగి చూడండి. పల్లెలో పెరిగినవాళ్లుంటే ఇక మీరు మాట్లాడక్కర్లేదు. కొందరు గద్దలను తిట్టిపోస్తారు, తిట్టనివ్వండి, పక్షుల పరువు కాపాడటానికి మీరక్కడికి వెళ్లలేదు. డిమెన్షియా ఉన్నవాళ్లను ‘గుర్తుందా?’ అని అడగొద్దు, అది పరీక్షలా ఉంటుంది. ‘దీని ముఖం చూస్తే మీకేమనిపిస్తోంది?’ అంటే ఏ జవాబైనా సరైనదే.

ఒక ప్రశ్నకు మాత్రం ముందే సిద్ధపడి వెళ్లండి. ‘దీన్ని మళ్లీ ఎప్పుడు వదిలేస్తారు?’ దాదాపు ప్రతిచోటా అడుగుతారు. అడిగే మనిషి కూడా తన ఇంటికి మళ్లీ వెళ్లలేని మనిషే. ‘త్వరలో’ అని అబద్ధం చెప్పకండి. ‘ఇది ఇక దేనికీ పనికిరాదు, అందుకే మా దగ్గర ఉంది’ లాంటి మాట నోట రానివ్వకండి. రెక్క విరగడం, ఒంటరిగా వేటాడలేకపోవడం, ఇప్పుడు మా దగ్గర ఏం తింటుంది, ఎక్కడ కూర్చోవడం ఇష్టం, ఎవరంటే దానికి కోపం, ఇవి చెప్పండి. పక్షి కథను మరీ విషాదంగానో, ధైర్యం చెప్పే పాఠంగానో సాగదీయొద్దు. వాళ్లకు అలాంటివి రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

మంచం దిగలేనివాళ్ల గదులకు వెళ్లొచ్చు, కానీ గుమ్మం దాటకండి. గది చిన్నది, ఆక్సిజన్ గొట్టాలు, సెలైన్ స్టాండు ఉంటాయి. పక్షి అక్కడ దూకితే తిప్పుకోవడానికి చోటుండదు. గుమ్మంలో రెండు నిమిషాలు చాలు, మంచాన్ని ముందే తలవైపు ఎత్తి పెట్టమనండి. హాల్లో కార్యక్రమం తర్వాత వెంటనే కాకుండా పక్షికి పెట్టెలో విశ్రాంతి ఇచ్చి, అది ప్రశాంతంగా ఉంటేనే ఈ గదులకు వెళ్లండి. లేకపోతే వచ్చేసారి చూద్దామనండి.

తిరిగొచ్చాక మర్నాడు పక్షి బరువు చూడండి, మేత ఎంత తింటోందో రాసుకోండి. బరువు తగ్గినా మేత ముట్టకపోయినా ఆ పక్షికి ఈ పని పడదు. నెల తర్వాత ఇంకోసారి ప్రయత్నించి అప్పుడూ అలాగే ఉంటే జాబితాలోంచి తీసేయండి. మీ దగ్గర ఏయే పక్షులున్నాయో, ఒక్కోదానికి గాయం ఎక్కడో, ఎన్నాళ్లుగా చేతి మీద నిలబడుతున్నాయో రాస్తే వాటిలో దేంతో మొదలుపెట్టాలో చెప్పగలను.